తిరిగి రాని యోయో

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు పే కమిషన్ల చరిత్ర రాద్దామనే కూర్చున్నాను. కాని ఆ చరిత్ర మనలో ప్రతివారికీ కంఠతా వచ్చినదే. ఈలోగా అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మా అమ్మాయి కొడుకు మూలంగా ఒక చిన్న ఆటవస్తువు నా చేతికి చిక్కింది. నాలుగు రోజులు నన్ను అదే ఆడించింది కనుక దాని గురించే రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

ఆ వస్తువు యోయో. రెండు బిళ్ళలు, మధ్యలో ఇరుసు, దానికొక దారం. కిందికి విసిరితే దారం విప్పుకుంటూ వెళ్లి, మళ్లీ చుట్టుకుంటూ చేతికి వస్తుంది. వాడు ఇచ్చినది అల్యూమినియంతో చేసినది, నున్నగా, బరువుగా ఉంది. విసిరాను. కిందికి వెళ్లి అక్కడే గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. లాగాను, రాలేదు. మళ్లీ లాగాను, రాలేదు. "పాడైపోయిన సరుకు అంటగట్టారురా నీకు" అన్నాను. వాడు నవ్వి, "తాతయ్యా, ఇది పోటీల యోయో. తనంతట అది పైకి రాదు, రాకూడదు కూడా" అన్నాడు.

తిరిగి రావడమే పనిగా పుట్టిన వస్తువు తిరిగి రాకుండా ఎలా తయారైంది? జీవితమంతా ఫైళ్లు చూసినవాడిని. ప్రతి కాగితానికీ ముందు మరో కాగితం ఉంటుందని నా నమ్మకం. ఆ ముందు కాగితాల కోసం వెతికాను.

అన్నింటికన్నా అడుగున ఉన్న కాగితం మట్టిది. క్రీస్తు పూర్వం 440 ప్రాంతానికి చెందిన ఒక గ్రీకు పాత్ర మీద ఒక కుర్రవాడు యోయో ఆడుతున్న బొమ్మ ఉంది. ఆ పాత్ర ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. మన దేశానికీ ఇందులో చోటుంది. 1770 ప్రాంతంలో ఉత్తర భారతంలో గీసిన ఒక వర్ణచిత్రంలో ఒక స్త్రీ ఇదే ఆట ఆడుతూ కనిపిస్తుంది. అంతమాత్రాన ఇది మన దగ్గరే పుట్టిందని నేను వాదించబోను. అలాంటి వాదనలు చేసేవారు మనకు కావలసినంతమంది ఉన్నారు. ఫ్రెంచి విప్లవకాలంలో ఈ ఆట యూరప్ ప్రభువుల ఇళ్లలో పెద్ద వేలంవెర్రి అయింది. దేశం విడిచి పారిపోయిన ప్రభువుల పేరు మీద దాన్ని ఫ్రాన్సులో 'ఎమిగ్రెట్' అన్నారు. ఇంగ్లండులో 'బాండలోర్' అన్నారు. 1866లో అమెరికాలోని సిన్సినాటి వాళ్లిద్దరు, జేమ్స్ హేవెన్, చార్లెస్ హెట్రిక్ అనేవారు, మెరుగుపరిచిన బాండలోర్ అంటూ పేటెంటు కూడా తీసుకున్నారు.

ఇంతవరకు దారాన్ని ఇరుసుకు ముడి వేసేవారు. ముడి వేస్తే విసిరిన యోయో దారం చివరకు చేరీ చేరగానే వెనక్కి తిరగవలసిందే. కిందికి పైకి, పైకి కిందికి, అంతకుమించి అందులో ఆట లేదు. అసలు ఆట మొదలైంది ముడి తీసివేశాక.

ఆ ఘనత ఫిలిప్పీన్స్ వారిది. అక్కడ దారాన్ని ముడి వేయకుండా, రెండు పోగులుగా పేని ఆ పేట మధ్య ఇరుసును ఉంచేవారు. అలా చేస్తే యోయో దారం చివర నిలిచి తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఆటగాళ్లు 'నిద్ర' అంటారు. మన పిల్లలు బొంగరం కదలకుండా ఒకేచోట తిరిగితే నిద్రపోతోంది అనేవారు, జ్ఞాపకం ఉందా? అదే మాట, అదే అర్థం. చేత్తో చిన్న కుదుపు ఇస్తే దారం క్షణంపాటు వదులై ఇరుసును పట్టుకుంటుంది, యోయో నిద్ర లేచి పైకి వస్తుంది. యోయో ఒకప్పుడు ఫిలిప్పీన్స్ వేటగాళ్ల ఆయుధమని ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదు. సరుకు అమ్ముకునేవాళ్లు పెంచిన కథగానే నాకు తోస్తుంది.

ఈ ఆటను అమెరికా బజారులో పెట్టినవాడు పెడ్రో ఫ్లోరెస్. ఫిలిప్పీన్స్ నుంచి వలస వెళ్లి, న్యాయశాస్త్రం చదువు మధ్యలో మానేసి, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో హోటల్లో పనికి కుదిరాడు. 1928లో అక్కడే యోయో తయారీ కంపెనీ పెట్టాడు. మొదట చేత్తో చేసినవి ఒక డజను. మరుసటి సంవత్సరం ఆఖరుకు 600 మంది పనివారితో రోజుకు మూడు లక్షలు తయారయ్యాయని చెబుతారు. యోయోను తానే కనిపెట్టానని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఆ తరువాత వచ్చినవాడు డొనాల్డ్ డంకన్, ఆరితేరిన వ్యాపారి. ఫ్లోరెస్ కంపెనీని కొనేసి, 1932లో 'యోయో' అనే మాటను తన వ్యాపార చిహ్నంగా నమోదు చేయించుకున్నాడు. ఊరూరా పోటీలు పెట్టించాడు. వార్తాపత్రికలతో ఒప్పందం చేసుకుని, పోటీలో చేరే పిల్లలు పత్రికకు కొత్త చందాదారులను తేవాలని షరతు పెట్టించాడు. ఆట నేర్పడానికి ఫిలిప్పీన్స్ యువకులను ఊళ్లమీదికి పంపాడు. వాళ్లు మిఠాయి కొట్ల ముందు నిలబడి విద్య చూపించి, గెలిచిన పిల్లవాడి యోయో మీద చిన్న చాకుతో తాటిచెట్టో, పక్షో, వాడి పేరో చెక్కి ఇచ్చేవారు. ఆ చెక్కిన యోయోలను ఇప్పటికీ దాచుకున్నవాళ్లు ఉన్నారు. 1932లోనే లండన్‌లో ప్రపంచ పోటీ జరిగితే కెనడాకు చెందిన చైనా సంతతి బాలుడు హార్వే లో గెలిచాడు. అప్పటికి అతనికి 13 ఏళ్లు.

ఆనాటి ఛాంపియన్ల యోయో గట్టి మేపుల్ కర్రతో చేసినది. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి బొంగరాలు చేసినట్టే, దాన్నీ లేతు మీద తిప్పి చేసేవారు. ఇరుసు కూడా కర్రే. నూలు దారం ఆ కర్రకు ఒరుసుకుంటుంది కనుక నిద్ర కొన్ని సెకన్లే. ఊయల, కుక్క నడక వంటి విద్యలన్నీ ఆ కొన్ని సెకన్లలో ముగించాలి. దారం ఒరిపిడికి కాలి తెగేది. ఆటగాళ్లు జేబుల్లో దారాలు పెట్టుకుని తిరిగేవారు.

డంకన్ కంపెనీ 1946లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లక్ అనే చిన్న ఊరికి తరలింది. ఆ ఊరు తనను తాను ప్రపంచ యోయో రాజధాని అని పిలుచుకుంది. 1950లలో సీతాకోకచిలుక ఆకారం వచ్చింది. అంటే బిళ్ళలను తిరగేసి అమర్చడమే. అంచులు విచ్చుకుని, మధ్యకు వచ్చేసరికి ఇరుకవుతాయి. ఇది చూడడానికి చిన్న మార్పు. కాని తిరుగుతున్న యోయోను మళ్లీ దారం మీదనే దింపడానికి దీంతో వీలు కలిగింది. నేటి పోటీ యోయోలన్నీ దాదాపుగా ఈ ఆకారం సంతానమే.

1962లో డంకన్ నాలుగున్నర కోట్ల యోయోలు అమ్మింది. మూడేళ్లకు దివాలా తీసింది! ప్రకటనల ఖర్చు ఒకవైపు, దావాల ఖర్చు మరోవైపు. ఇక్కడ గుమాస్తాగా నాకు ఆసక్తి కలిగించినది 1965 నాటి అప్పీలు కోర్టు తీర్పు. రాయల్ అనే పోటీ కంపెనీ మీద డంకన్ దావా వేసింది. 'యోయో' అనేది ఫిలిప్పీన్స్ వారు ఆ ఆటవస్తువును పిలుచుకునే పేరు, అది సాధారణ నామం, ఎవరి సొంతమూ కాదని కోర్టు తేల్చింది. నమోదు పుస్తకంలో ముప్పై మూడేళ్లు ఉన్న ఎంట్రీ అలా చెల్లకుండా పోయింది. ఫ్లోరెస్ స్వజనం మాట వాళ్లకే మిగిలింది. డంకన్ పేరును 1968లో ఫ్లాంబో అనే ప్లాస్టిక్ కంపెనీ కొనుక్కుంది. ఆ పేరుతో యోయోలు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ తరువాత కొంతకాలం ఆట మందగించింది. 1974లో నాష్‌విల్ సంగీత వేదిక మీద అధ్యక్షుడు నిక్సన్ యోయో తిప్పబోయి తిప్పలు పడ్డాడు. ఆ ఆగస్టులోనే పదవి కూడా పోయింది, అది వేరే సంగతి.

పరికరాన్ని మళ్లీ మార్చినది ఒక పళ్ల డాక్టరు. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన టామ్ కూన్, 1970ల చివర విప్పి బిగించగల కర్ర యోయో చేశాడు. దారం చిక్కుపడితే విప్పుకోవచ్చు, ఇరుసు అరిగితే మార్చుకోవచ్చు, బిళ్ళలు తిప్పి బిగిస్తే సీతాకోకచిలుక అవుతుంది. 1980లలో యోమెగా అనే కంపెనీ మరో దారి తొక్కింది. లోపల స్ప్రింగులు పెట్టి, వేగం తగ్గగానే ఇరుసును పట్టుకుని దానంతట అదే పైకి వచ్చే యోయో చేసింది. పిల్లలు ఎగబడ్డారు. అంతరిక్షంలోకి కూడా యోయో వెళ్లింది. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ నౌకలో డేవిడ్ గ్రిగ్స్ దాన్ని ఆడి చూశాడు. కిందికి లాగే బరువు లేదు కనుక అక్కడ అది నిద్రపోదు. దారం చివరకు వెళ్లి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. నిద్రకు భూమి కావాలన్నమాట.

అసలు విప్లవం బాల్ బేరింగుది. మన సైకిలు చక్రంలో, ఫ్యానులో ఉండేదే. 1984లో స్వీడన్ బేరింగుల కంపెనీ ఎస్‌కెఎఫ్ ప్రచారం కోసం బేరింగు పెట్టిన యోయో చేసింది. 1990లో టామ్ కూన్ అల్యూమినియంతో చేసిన తన 'సిల్వర్ బుల్లెట్ 2'లో బేరింగు పెట్టాడు. దారం బేరింగు బయటి వలయాన్ని పట్టుకుని ఉంటుంది, బిళ్ళలు లోపలి వలయంతో తిరుగుతాయి. ఒరిపిడి దాదాపు పోయింది. సెకన్ల నిద్ర నిమిషాలైంది. 1992లో మాంట్రియల్‌లో ప్రపంచ పోటీలు మళ్లీ మొదలయ్యాయి. 1997లో జపాన్‌లో బందాయ్ కంపెనీ హైపర్ యోయో పేరుతో పెద్ద సంచలనం రేపింది. దాని వెనుక హవాయికి చెందిన అలన్ నగావో అనే గాలిపటాల వ్యాపారి కృషి ఉంది. ఆయన కుమారుడు ఎవన్ 2018లో షాంఘైలో ప్రపంచ విజేత అయ్యాడు.

ఇప్పుడు మా మనవడి యోయో దగ్గరకు వస్తాను. నిద్ర నిమిషాలకు పెరిగేసరికి ఆటగాళ్లు దారంతో అల్లికలు మొదలుపెట్టారు. దారాన్ని వేళ్లకు చుట్టి, పేటలు పేటలుగా పరిచి, వాటి మీద యోయోను దూకిస్తారు. మధ్యలో ఏ పేట తగిలినా అది ఠక్కున చుట్టుకుని చేతికి వచ్చేస్తే ఆట చెడుతుంది. అందుకని బిళ్ళల మధ్య సందు వెడల్పు చేశారు. దారాన్ని పట్టుకునే గరుకు బిళ్ళలను తీసివేసి, పల్చని సిలికాన్ పట్టీలను లోపలికి నొక్కి అమర్చారు. బేరింగులో నూనె చాలామటుకు తుడిచేశారు. చిక్కగా ఉంటే అదే పట్టుకుంటుంది కదా. దారం మధ్యలోనే నిలవడానికి బేరింగు పైభాగాన్ని పుటాకారంగా తొలిచారు. దాంతో కుదిపితే పైకి వచ్చే గుణం పూర్తిగా పోయింది.

మరి చేతికి ఎలా వస్తుంది? రప్పించాలి. తిరుగుతున్న యోయో సందులోకి దారాన్ని మడతపెట్టి అందించాలి. మడత మందానికి సిలికాన్ పట్టీలు దారాన్ని పట్టుకుంటాయి, యోయో చుట్టుకుని వచ్చేస్తుంది. దీన్ని 'బైండ్' అంటారు. మొదటిసారి చేసేవాడికి వేళ్లు కొట్టుకుంటాయి, నాకూ కొట్టుకున్నాయి.

నేటి పోటీ యోయో బరువు 65 గ్రాముల అటూ ఇటూ, వ్యాసం 55 మిల్లీమీటర్ల ప్రాంతం. బేరింగు బయటి కొలత అర అంగుళం. నూలు దారం పోయి పాలియెస్టర్ వచ్చింది. బరువంతా అంచుల్లోకి నెడితే ఎక్కువసేపు నిలకడగా తిరుగుతుంది కనుక కొన్నింటికి అల్యూమినియం ఒంటికి ఉక్కు అంచులు బిగిస్తున్నారు. టైటానియంవి వందల డాలర్లు. మరోవైపు చైనా కర్మాగారాల నుంచి పది పదిహేను డాలర్లకే మంచి లోహపు యోయోలు వస్తున్నాయి. ఒకప్పటి ఛాంపియన్‌కు దొరకని సరుకు ఇప్పుడు బడిపిల్లవాడి జేబులో ఉంది. 2014లో ప్రాగ్‌లో గెలిచిన జెంట్రీ స్టైన్ చేతిలోనిది యోయోఫ్యాక్టరీ వారి 'షటర్'. అది దుకాణాల్లో అందరికీ అమ్మే రకమే.

అయితే అన్ని విభాగాలకూ ఇదే పనికిరాదు. పోటీలు ఐదు రకాలు. రెండు చేతులతో రెండు యోయోలను గుండ్రంగా తిప్పే విభాగంలో యోయో తప్పకుండా తిరిగి రావాలి. అక్కడ గుండ్రని ప్లాస్టిక్‌దే రాజ్యం. జపాన్‌కు చెందిన షింజి సైతో ఆ విభాగంలో పలుమార్లు ప్రపంచ విజేత. మరో విభాగంలో దారం యోయోకు కట్టే ఉండదు, గాల్లోకి ఎగరేసి దారం మీద పడతారు. ఇంకొకదానిలో దారం వేలికి బదులు చిన్న బరువుకు కట్టి ఉంటుంది. 1999లో స్టీవ్ బ్రౌన్ ప్రారంభించిన పద్ధతి అది. మూడు నిమిషాలు సంగీతంతో ఆడతారు. న్యాయనిర్ణేతలు చేతిలో లెక్క మీటలు పట్టుకుని ప్రతి విద్యకూ నొక్కుతూ ఉంటారు, తప్పుకూ నొక్కుతారు.

ఇంత పరికరం వచ్చాక నైపుణ్యం వస్తువుదా, చేతిదా అని మనవణ్ణి అడిగాను. వాడు జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లి ఒక కర్ర యోయో తెచ్చాడు. ఇరుసు కూడా కర్రే. ఈమధ్య దానితో ఆడే ముచ్చట మళ్లీ మొదలైందట, కొన్ని చోట్ల దానికే వేరుగా పోటీలు పెడుతున్నారట. లోహపు యోయోతో ఐదు నిమిషాలు అల్లికలు అల్లే మా వాడు దాంతో రెండు విద్యలు పూర్తి చేయలేక దారం తెంపుకున్నాడు. కొత్త దారం కట్టి నా చేతికిచ్చాడు. మూడోసారికి నా చేతికి తిరిగి వచ్చింది.