మూలన పెట్టిన మోత

కొత్త కోడలు వస్తుందంటే ఏ గది ఇవ్వాలా అని నెల ముందు నుంచే ఆలోచిస్తాం. కొత్త యంత్రం వస్తే మాత్రం క్షణమైనా ఆలోచించం. ఎక్కడ జాగా ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోబెట్టేస్తాం. మా ఇంట్లోనూ అదే జరిగింది.

మొన్న దసరాకి మావారు టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ కొన్నారు. దాని వెంట తోడపెళ్ళికూతురిలా నల్లటి పెట్టె ఒకటి వచ్చింది. దాని పేరు సబ్‌వూఫర్. మాటలూ, పాటలూ వినిపించడం బార్ పని. లోతైన మోత మాత్రం ఈ పెట్టెది. మావాడు దాన్ని సోఫా వెనక మూలలో, మా అత్తమ్మ కుర్చీ పక్కన సర్దేశాడు. "ఎవరికీ కనపడదు కదమ్మా" అన్నాడు. చెప్పొద్దూ, నాకూ నచ్చింది.

రెండు రోజుల్లో అత్తమ్మ హాల్లోకి రావడం మానేసింది. సాయంత్రం ప్రవచనం వినందే దీపం కొండెక్కనివ్వని మనిషి!

"ఏం వినాలె బిడ్డా? ఆయన నోరు కదుల్తది గని మాట సమజైతలేదు. రోకలితోని గుండెల మీద దంచినట్టున్నది" అంది.

"వయసు కదా, చెవులు మందగించాయి" అని మావారు తేల్చేశారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తప్పు ఎక్కడున్నా సరే, ముసలివాళ్ళ చెవుల మీదికి నెట్టేయడం ఎంత తేలికో!

నిజానికి మోత గురించి నాకు తొలిపాఠం చెప్పింది బోధన్. సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళం. నిజాం కాలంలో, 1937లో, అక్కడ పుట్టింది చక్కెర ఫ్యాక్టరీ. దాని పేరు మీదే శక్కర్‌నగర్ వెలిసింది. చెరకు ఆడే రోజుల్లో రాత్రిళ్ళు బండ్ల గజ్జెలు వినిపిస్తే ఏ సందులోంచి వస్తున్నాయో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. ఫ్యాక్టరీ మోత మాత్రం అలా కాదు. ఎటు నుంచి వస్తోందో అంతుపట్టేది కాదు. అమ్మమ్మనడిగితే "ఇంట్లకెల్లే వస్తది, పండుకో" అనేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఏ దిక్కు నుంచి వస్తోందో ఎవరూ చెప్పలేని ఆ మోత ఆగిపోయిన సంగతి మాత్రం ఊరందరికీ తెలిసింది.

అమ్మమ్మ మాటలో శాస్త్రం ఉందని ఇప్పుడు తెలుస్తోంది. సెకనుకు వెయ్యిసార్లు కంపించే శబ్దానికి అల పొడవు అడుగుకు కాస్త ఎక్కువ. యాభైసార్లే కంపించే మోతకి దాదాపు 22 అడుగులు! మన హాలంత పొడవన్నమాట. సన్నని శబ్దానికి మన తల అడ్డొస్తుంది. ఒక చెవికి గట్టిగా, రెండో చెవికి మెల్లగా వినిపిస్తుంది. దాన్నిబట్టే దిక్కు పోల్చుకుంటాం. పెద్ద అలకు తల ఒక అడ్డే కాదు. అక్కడ రెండు చెవులకూ అందడంలో ఉండే రవ్వంత తేడానే ఆధారమని ఇంగ్లండుకు చెందిన లార్డ్ రేలీ 1907లో వివరించాడు. నాలుగు గోడల మధ్య మోత తిరిగి తిరిగి తగిలేసరికి ఆ ఆధారమూ చెరిగిపోతుంది.

మన కచేరీలు చూడండి. కుడిచేతి వాటం మృదంగ విద్వాంసుడు గాయకుడికి కుడిపక్కన కూర్చుంటాడు. అలా కూర్చుంటే టంగున పలికే కుడిమూతి సభ వైపు వస్తుంది. తడిపిన రవ్వముద్ద అంటించుకుని గుమ్మనే ఎడమమూతి వెనక్కి తిరిగి ఉంటుంది. అయినా ఆ గుమకారం ఆఖరి వరసకూ అందుతుంది. మోతకి ముఖం అక్కర్లేదన్నమాట. కానీ ఆ మృదంగాన్ని ఎవరూ తీసుకెళ్ళి శ్రోతల వెనక కూర్చోబెట్టలేదు. పాట ఉన్నచోటే మోతా ఉంటుంది.

మేం చేసిన తప్పు సరిగ్గా అదే. సన్నటి సౌండ్‌బార్ మోయలేని స్వరాలన్నీ ఆ పెట్టెకి అప్పగిస్తుంది. కొన్నిట్లో 150 హెర్ట్జ్ దాకా ఆ పెట్టే పలుకుతుంది. మగవాళ్ళ గొంతులోని అడుగు స్వరం ఉండేది ఆ మెట్ల మీదే. అంటే, ప్రవచనకారుడి మాట సగం టీవీలోంచి, సగం అత్తమ్మ వీపు వెనక నుంచి వస్తోందన్నమాట! పైగా మూలలో రెండు గోడలూ, నేలా కలిసి మోతని ఇంకా పెంచుతాయి. గట్టి మోత పై స్వరాలను మింగేస్తుందని అమెరికాలో వెగెల్, లేన్ అనే ఇద్దరు 1924లోనే పరీక్షించి చూపారు. మాట తెలిసేది ఆ పై స్వరాల్లోని హల్లుల వల్లే కదా. అత్తమ్మ చెవుల తప్పేముంది?

మోతకి గోడలూ లెక్కలేదు. 1974లో హాలీవుడ్‌లో 'ఎర్త్‌క్వేక్' అనే సినిమా తీసి, భూకంపం అనుభవంలోకి రావాలని హాళ్ళలో పెద్దపెద్ద స్పీకర్లు పెట్టారు. పక్క హాల్లో వేరే సినిమా చూస్తున్నవాళ్ళు అదిరిపోయి గొడవ చేశారట! మన కింది వాటావాళ్ళు నోరు తెరిచి అనరు గానీ, వాళ్ళ గిన్నెలూ అలాగే అదురుతుంటాయి.

ఇక విరుగుడు చెబుతాను. పెట్టెని తీసి అత్తమ్మ కుర్చీలో కూర్చోబెట్టాను. మోత బాగా ఉన్న పాట పెట్టి, కొంగు దోపుకుని, టీవీ ఉన్న గోడ వెంట మోకాళ్ళ మీద పాకుతూ విన్నాను. మావారు నవ్వారు, మావాడు ఫొటో తీశాడు. తీసుకోనీ. ఒకచోట గుయ్యిమంది, ఒకచోట అసలు వినిపించనే లేదు. బార్‌కి ఎడమగా మూడడుగుల దూరంలో ప్రతి స్వరం సమానంగా పలికింది. కుర్చీలోని మోత గోడ దగ్గర ఎలా వినిపిస్తుందో, గోడ దగ్గరి మోత కుర్చీలో అలాగే వినిపిస్తుంది. అందుకే ఈ తిరగేసిన పరీక్ష. పెట్టెని అక్కడికి మార్చి, గోడకి జానెడు ఎడం ఉంచి, అడుగున మందపాటి రబ్బరు చాప వేశాను. దాని గొంతు సగానికి తగ్గించాను.

అత్తమ్మని బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ప్రవచనం మొదలైంది. పది నిమిషాలు కదలకుండా విన్నది. తర్వాత వెనక్కి తిరిగి మూల వంక చూసింది.

"ఆ డబ్బా వాపస్ ఇచ్చిన్రా బిడ్డా? మంచి పనైంది" అంది.

ఎదురుగా మోగుతూనే ఉంది. నేను చెప్పలేదు. మావారు కూడా టీవీ వంకే చూస్తూ కూర్చున్నారు. వయసు మాట మళ్ళీ ఎత్తలేదు.