'పాసవుట్': పట్టా అర్థం ఎక్కడిది?

'2019 పాసవుట్' అంటే ఆ ఏడు చదువు పూర్తిచేసినవారని తెలుగు పాఠకులకు తెలుసు. అమెరికన్ ఇంగ్లిష్‌లో 'పాస్ అవుట్' అనే క్రియకు ముందుగా తోచే అర్థం స్పృహ తప్పడం. ఈ తేడాను చూపి మన వాడుకను తప్పుగా లెక్కగట్టేవారు ఉన్నారు. ఆధారాలు ఆ నిర్ణయాన్ని పూర్తిగా బలపరుస్తున్నట్లు లేదు.

1. అర్థాలు: నిఘంటువుల్లో ప్రధానంగా మూడు అర్థాలు కనిపిస్తాయి: స్పృహ కోల్పోవడం, పంచిపెట్టడం, సైనిక శిక్షణ ముగించి బయటికి రావడం. మూడోదాన్ని సాధారణంగా బ్రిటిష్ వాడుకగా గుర్తిస్తారు. కాగితాలు పంచే అర్థంలో క్రియ సకర్మకం. మిగిలిన రెండింటిలో అకర్మకం. కాబట్టి రూపం ఒకటే అయినా వ్యాకరణం ఒకటి కాదు.

2. కవాతు: డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ 1932లో మొదలైంది, తొలి జట్టు 1934 డిసెంబరులో శిక్షణ ముగించుకుంది. అక్కడి ముగింపు కవాతు నేటికీ 'పాసింగ్ అవుట్ పరేడ్'. అయితే పేర్లలో ఏకరూపత లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీ కవాతుకు 'దీక్షాంత్ పరేడ్' అనే పేరూ ఉంది. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో అది 'కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్'. అంటే 'పాసింగ్ అవుట్', 'గ్రాడ్యుయేషన్' అన్న రెండు మాటలూ ఒకే రకం సందర్భానికి చెల్లుతున్నాయి.

3. కళాశాల: ఈ మాట చదువు పూర్తిచేసిన అర్థంలోకి ఎలా వచ్చిందన్నదానికి రెండు ఊహలకు అవకాశం ఉంది.

(అ) సైనిక పదమే కళాశాలకు విస్తరించి ఉండవచ్చు.

(ఆ) పరీక్ష 'పాస్'కు 'అవుట్' చేరి ఉండవచ్చు. 'డిగ్రీ పాసయ్యాడు' అనే మాట స్థిరపడి ఉండటం దీనికి అనుకూలం.

కానీ 'లెక్కల్లో పాసయ్యాడు' అంటారే తప్ప 'లెక్కల్లో పాసవుట్ అయ్యాడు' అనరు. పాసవడం పరీక్షకు చెందింది. పాసవుట్ కావడం సంస్థకు, జట్టుకు, సంవత్సరానికి చెందింది. కవాతులోనూ ఈ మూడూ ఉన్నాయి. ఈ పోలిక మొదటి ఊహ వైపు కొంత మొగ్గు చూపుతుంది. నిరూపణ మాత్రం కాదు.

4. రూపం: కవాతు సందర్భంలో 'పాస్ అవుట్' ప్రధానంగా క్రియ. 'పాసవుట్లు అర్హులు' అన్నప్పుడు మనుషులను సూచించే నామం. ఈ మార్పు కళాశాల వాడుకకు ఉన్న ప్రత్యేకత కావచ్చు.

పై అంశాలను బట్టి, పట్టా అర్థాన్ని పొరపాటు అనడం కన్నా బ్రిటిష్ సైనిక అర్థానికి దగ్గరి ప్రాంతీయ వాడుక అనడం మేలు. అయితే అమెరికా సంస్థకు పంపే దరఖాస్తులో 'గ్రాడ్యుయేట్' అని రాయడమే క్షేమం: అక్కడి పాఠకుడి మనసులో కవాతు మెదలకపోవచ్చు.