పేలును, బడిపిల్లలును

పేల బాధ నేటిది కాదు. ఇజ్రాయేలు దేశమందలి లాకీషు శిథిలములలో సుమారు 3,700 ఏండ్లనాటి దంతపు దువ్వెన యొకటి దొరకినది. దానిమీది వ్రాతను పండితులు 2022లో చదివి ప్రకటించిరి. తలపేలును, గడ్డపుపేలును తొలగవలెనను కోరికయే యా వ్రాత.

1902 నాటికి న్యూయార్కు నగరమున వైద్యులు పేలు, తామర, కంటిజబ్బు గల పిల్లలను బడినుండి యింటికి పంపివేయుచుండిరి. చికిత్స చేయువారు మాత్రము లేరు. బిడ్డకు చదువు పోయెను గాని, పేలు పోలేదు. ఆ యేట అక్టోబరు 1వ తేదీన లీనా రోజర్సు అను నర్సు నాలుగు బడులలో పని కారంభించెను. ఆమె బడిలోనే మందు వేసి, యిండ్లకు పోయి తల్లులకు శుభ్రత నేర్పెను. పిదప మఱికొందఱు నర్సులు నియమింపబడిరి. 1902 సెప్టెంబరున బడినుండి పంపబడినవారు 10,567 మంది. మరుసటి సెప్టెంబరున 1,101 మంది మాత్రమే.

1909లో షార్లు నికోలు పండితుడు టైఫసు జ్వరము పేనువలన వ్యాపించునని నిరూపించెను. అది బట్టలలో నుండు పేను. తలపేను ఆ జ్వరమును తెచ్చునది కాదు. అయినను దురదచే బిడ్డకు నిద్ర చెడును. గోకిన పుండ్లు చీము పట్టును.

పేను ఎగురదు, దుమకదు. తఱచుగా తలకు తల తగిలినపుడే ప్రాకును. కావున ఇంటిల్లిపాదికి నొకేనాడు తలలు చూచి, తడితలను పేలదువ్వెనతో దువ్వవలెను. ఈపులు వారము పదిదినములలో పగులును గనుక మరల దువ్వవలెను. పేలున్నవని బిడ్డను సిగ్గుపఱుపకుడు, బడి మాన్పింపకుడు. వెలివేయవలసినది పేనును, బిడ్డను గాదు.