బండి ఱ, అరసున్న: ఊరికే పెట్టినవి కావు

చెట్టుకుండే వేరుకీ, "అది వేరు, ఇది వేరు" అన్నప్పటి వేరుకీ ఏమైనా చుట్టరికం ఉందా? ఇవాళ్టి రాతలో రెండూ ఒకటే, పలకడంలోనూ తేడా లేదు. కొమ్మ నుంచి వేరు దాకా ఏదో కథ అల్లి రెండిటికీ లంకె పెడితే నమ్మేసేలానే ఉంటుంది. కానీ సంబంధం ఏమీ లేదు. పాత నిఘంటువు తెరిచి చూడండి. చెట్టుది వేరు, రెండోది వేఱు.

ఈ రెండో అక్షరానికి వ్యాకరణంలో పేరు శకటరేఫ. శకటం అంటే బండి, రేఫ అంటే ర. అదేనండీ, మన బండి ఱ. అలఘురేఫ అని కూడా అంటారు. మనలో చాలామందికి ఇది వర్ణమాల చార్టులో గుఱ్ఱం బొమ్మ పక్కన కనిపించి, ఆ తర్వాత జీవితంలో మళ్ళీ ఎదురుపడని అక్షరం. పండితులు ఛాదస్తం కొద్దీ పెట్టుకున్నదని ఒక అభిప్రాయం కూడా బాగా ఉంది. నాకు మాత్రం అలా అనిపించదు. ఒకప్పుడు ఇది నిజంగా వేరే ధ్వని. దానికి రెండు సాక్ష్యాలున్నాయి.

మొదటిది ప్రాస. పద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి కదా. 11వ శతాబ్దపు నన్నయ, 13వ శతాబ్దపు తిక్కన ర కి ర నే, ఱ కి ఱ నే ప్రాసగా వేశారు, కలపలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ప్రాస ఒక చెక్‌సమ్. ఆ తర్వాతి కాలంలో కవులు కలిపేయడం మొదలైంది. అప్పుడు లక్షణ గ్రంథాలు రాసినవాళ్ళు ఏ మాటలో ఏ ర ఉండాలో జాబితాలు కట్టారు. జాబితా బట్టీ పట్టాల్సి వచ్చిందంటేనే చెవికి తేడా తెలియడం మానేసిందని అర్థం.

రెండోది పక్కింటి సాక్ష్యం. తమిళంలో చెట్టు వేరు వేర్, భిన్నమైనది వేఱు. ఇప్పటికీ రెండు వేర్వేరు అక్షరాలతోనే రాస్తారు. మలయాళంలో రాతలోనే కాదు, నోట్లో కూడా ఆ తేడా బతికే ఉంది. ఇద్దరు పండితులు కూర్చుని కల్పించిన తేడా అయితే మూడు భాషల్లో ఒకే చోట ఎందుకుంటుంది?

ఇలాంటి జంటలు ఇంకొన్ని:

అరుగు అంటే వెళ్ళు, అఱుగు అంటే జీర్ణమవు.
తరుగు అంటే తగ్గు, తఱుగు అంటే (కూరలు) కోయు.
ఏరు అంటే (రాళ్ళు) ఏరు, ఏఱు అంటే వాగు, నది. తమిళంలో నదిని ఆఱు అంటారు.

అరసున్న కథ కూడా ఇంతే. వ్యాకరణంలో దీని పేరు అర్ధబిందువు, ఖండబిందువు. ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. తమిళంలో సంవత్సరం ఆణ్డు. అందులో నిండుగా ఉన్న ణ్ మనదగ్గర అరిగిపోయి సగం సున్న అయింది. తెలంగాణలో "పదేండ్లు" అంటారు చూడండి, అక్కడ ఆ ముక్కుపలుకు ఇంకా వినిపిస్తుంది. (బహువచనం ఒక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదు సుమా. ఇల్లుకి కూడా ఇండ్లు వస్తుంది, అక్కడ మూలంలో సున్న లేదు. అందుకే పక్క భాష కూడా చూడాలి.) అలాగే వాడు అంటే వాడిపోవు, వాఁడు అంటే ఆ మనిషి. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన, సుమారు 575 నాటి శాసనంలో రేనాడు అనే ప్రాంతం పేరు రేనాణ్డు అని ఉంది. అంటే అరసున్న సగం కాకముందు పూర్తి అక్షరంగా ఉన్న రోజులకి రాతిమీద ఆధారం ఉందన్నమాట.

మరి ఇవన్నీ తిరిగి రాయాలా? అక్కర్లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం పద్ధతిలో అరసున్నలు బట్టీ పట్టించడం పిల్లలకి ఎంత శిక్షో గిడుగు రామమూర్తిగారు ఏనాడో చెప్పారు. నోట్లో లేని తేడాని రాతలో మోయమనడం అన్యాయం. ఈ విషయంలో నా ఓటు గిడుగువారికే.

నా బాధల్లా వేరే చోట ఉంది. పాత పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కొందరు "ఎలాగూ ఒకటే కదా" అని ఱ ని ర చేసేస్తున్నారు, అరసున్నలు వదిలేస్తున్నారు. అక్షరాలు లేక కాదు, యూనికోడ్‌లో రెండిటికీ చోటుంది. "వేరు" అని వెతికితే "వేఱు" దొరకదన్నది నిజమే. కానీ ఆ తేడాని పట్టించుకోకుండా చూడటం వెతికే ప్రోగ్రాము పని, దానికోసం మూలపాఠాన్ని దిద్దకూడదు. ఱ ని ర చెయ్యడం ఒక్క క్షణం పని. ఏ ర ఒకప్పుడు ఱ అన్నది మళ్ళీ కనుక్కోవాలంటే ఏ ప్రోగ్రాము వల్లా కాదు, 1885 నాటి శబ్దరత్నాకరం పట్టుకుని ఒక్కో మాటా చూసుకోవాల్సిందే.

మనం రాసేటప్పుడు వదిలేద్దాం, తప్పు లేదు. వాళ్ళు రాసింది ఎక్కించేటప్పుడు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచుదాం.