మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీ కోర్స్‌వర్క్: మన ప్రశ్న చుట్టూ కట్టుకోవడం ఎలా?

ఏలూరు నుంచో, తాడేపల్లిగూడెం నుంచో, కైకలూరు పక్కన ఏ లంక గ్రామం నుంచో ఒక దళిత విద్యార్థికి మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ సీటు వస్తే పేటంతా సంబరపడుతుంది. ఆ వెంటనే ఎవరో ఒక సీనియర్ అంటారు: “కోర్స్‌వర్క్‌దేముంది, ఆరు నెలలు కళ్లు మూసుకుంటే అయిపోతుంది.” ఈ మాట మన పిల్లలకు మంచి కంటే చెడే ఎక్కువ చేస్తోందని మేము అనుకుంటున్నాం. ఇంట్లో మొదటిసారి పరిశోధన దాకా వచ్చినవారికి ఆ ఆరు నెలలే అసలు పునాది. అప్పుడు ఏ పేపర్లు చదివారో దాన్నిబట్టే తర్వాత ఏ ప్రశ్న అడగగలరో తేలుతుంది.

అందుకే నిబంధనలు ఏమిటి, వాటిలో మనకున్న వెసులుబాటు ఎంత, పేపర్లు ఎలా ఎంచుకోవాలి అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

దేశంలోని విశ్వవిద్యాలయాలకు వర్తించే యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు 2022 నవంబరులో వచ్చాయి. వాటి ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో ‘పరిశోధన, ప్రచురణ నైతికత’ అనే 2 క్రెడిట్ల, 30 గంటల కోర్సు తప్పనిసరి. కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీస గడువు 3 ఏళ్లు, గరిష్ఠ గడువు 6 ఏళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో 2 ఏళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి పైగా వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్లు ఇవ్వవచ్చు. మహిళలు ప్రసూతి, శిశు సంరక్షణ కోసం మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు.

మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. పీజీలో 55 శాతం ఉండాలన్న అర్హతలో ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. విశ్వవిద్యాలయం పెట్టే ప్రవేశ పరీక్షలో 50 శాతం రావాలన్న చోటా 5 శాతం సడలింపు ఉంది. కోర్స్‌వర్క్‌లో 55 శాతం రాకపోతే పరిశోధన కొనసాగించడానికి, థీసిస్ సమర్పించడానికి వీల్లేదన్న నిబంధనలో మాత్రం సడలింపు మాటే లేదు. రెండు తలుపులు కొంచెం వెడల్పుగా తెరిచి, మూడో తలుపు దగ్గర అందరికీ ఒకే కొలత పెట్టారు. ఇంగ్లీషు మీడియంలో చదవనివాళ్లు, గణాంకశాస్త్రం ఎప్పుడూ ముట్టనివాళ్లు తడబడేది ఇక్కడే. కళ్లు మూసుకుంటే అయిపోయే పని కాదిది.

అంబేడ్కర్ చేసిన కోర్స్‌వర్క్

బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ 1913 నుంచి 1916 వరకు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయన ప్రధాన విషయం ఆర్థికశాస్త్రం. డాక్టరేట్ కోసం తీసుకున్న అంశం బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ప్రభుత్వాల ఆదాయ వ్యయాల పరిణామం. అయినా ఆయన ఒక్క ఆర్థికశాస్త్రం దగ్గరే ఆగలేదు. చరిత్ర, సామాజికశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం కోర్సులు కూడా తీసుకున్నారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ నిర్వహించిన మానవశాస్త్ర సెమినార్‌లో ఆయన భారతదేశంలో కులాల పుట్టుక మీద ఒక పత్రం చదివారు. మరుసటి ఏడాదే అది అచ్చయింది. కుల సమస్య మీద ఈనాటికీ చదివే ఆ రచన తన డిగ్రీ విభాగానికి బయట తీసుకున్న ఒక కోర్సు కోసం రాసినదే.

కోర్స్‌వర్క్ అంటే మన విభాగం వడ్డించిన విస్తరి మాత్రమే కాదని దీని సారం. మన ప్రశ్నకు కావలసినది పక్క విభాగంలో ఉంటే అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలి.

కొల్లేరు నుంచి ఒక ప్రశ్న

మేనేజ్‌మెంట్ విభాగాల్లో కొత్తగా చేరినవారికి తరచూ దొరికే సలహా, “బ్యాంకు ఖాతాదారుల సంతృప్తి మీద మూడొందల మందితో ప్రశ్నావళి నింపించు, త్వరగా అయిపోతుంది” అని. అది తప్పు కాదు గానీ, మన ఊళ్లో మేనేజ్‌మెంట్ ప్రశ్నలు లేకనా?

కొల్లేరునే చూడండి. 1970ల్లో ప్రభుత్వం ఇక్కడి పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు అప్పగించింది. కాలక్రమంలో చాలా చెరువులు లీజుల పేరుతో బయటి పెట్టుబడిదారుల చేతికి పోయాయి. కాగితం మీద సభ్యుడే యజమాని, గట్టు మీద మాత్రం అతనే కూలీ, కాపలాదారు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లు కొట్టేశారు. ఒక సంఘంలో నిర్ణయాలు నిజంగా ఎవరు తీసుకుంటారు? పెట్టుబడి, మేత, మార్కెట్ ఎవరి చేతిలో ఉన్నాయి? నష్టం వచ్చినప్పుడు ఎవరు మోస్తారు? ఇవన్నీ అచ్చమైన మేనేజ్‌మెంట్ ప్రశ్నలే.

కులం మేనేజ్‌మెంట్ అంశం కాదనేవారికి రెండు అధ్యయనాలు చూపించండి. 2012లో అజిత్, డాంకర్, సక్సేనా వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించి, సభ్యుల్లో సుమారు 93 శాతం అగ్రకులాలవారని, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతమేనని లెక్కతేల్చారు. 2007లో థోరట్, అట్టెవెల్ అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తులను వేర్వేరు కులాలను, మతాలను సూచించే పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి, పిలుపులు ఎవరికి ఎక్కువ వస్తున్నాయో చూశారు. దళిత పేరున్న దరఖాస్తులకు పిలుపు అవకాశం తక్కువని తేలింది. రెండింటిలోనూ బలం పద్ధతిలోనే ఉంది. పద్ధతి నేర్చుకునే చోటే కోర్స్‌వర్క్.

పేపర్లు ఎంచుకునే క్రమం

మొదట మీ ప్రశ్నను రెండు వాక్యాల్లో రాయండి. దానికి సమాధానం దొరకాలంటే ఏం చదవడం రావాలి, ఏం లెక్కపెట్టడం రావాలి, ఎవరితో మాట్లాడటం రావాలి అని వేసుకోండి. మీ దగ్గర లేని నైపుణ్యమే మీరు తీసుకోవాల్సిన పేపరు.

కొల్లేరు ప్రశ్నకు 14 క్రెడిట్ల ప్రణాళిక ఒకటి నమూనాగా వేసి చూద్దాం. పరిశోధనా పద్ధతులకు 4 క్రెడిట్లు. నైతికత కోర్సుకు 2. ఇంటర్వ్యూలు, కేస్ స్టడీ, సంఘాల లెక్కల పుస్తకాలు చదవడం నేర్పే గుణాత్మక పద్ధతులకు 4. సహకార సంస్థల పాలన మీద విషయ పేపరుకు 4. ఈ చివరి పేపరులో 1964 నాటి సహకార సంఘాల చట్టం, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం చదవాలి.

గుణాత్మక పద్ధతుల పేపరు మీ విభాగంలో లేదంటారా? యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సులను క్రెడిట్లలో భాగంగా పరిశోధన సలహా కమిటీ సిఫారసు చేయవచ్చని 2022 నిబంధనలే చెబుతున్నాయి. స్వయం వేదికలో కోర్సు వెతికి, పేరు, క్రెడిట్లు, పరీక్ష తేదీతో కమిటీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. అర్జీ నకలు మీ దగ్గర ఉంచుకోండి. దానికంటే ముందు మీరు చేరింది నన్నయ విశ్వవిద్యాలయమైనా, ఆంధ్రా అయినా, నాగార్జున అయినా దాని సొంత పీహెచ్‌డీ నియమావళి సంపాదించి పూర్తిగా చదవండి.

లెక్కల దగ్గర ఇంకో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, మండవల్లి ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి. ఆకివీడు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కలను నేటి జిల్లా లెక్కలతో నేరుగా పోలిస్తే తప్పుతుంది. మండలాల వారీగా తీసుకోండి.

డబ్బు, గడువు, రాత

ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి ఇస్తారు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. కోర్స్‌వర్క్ ఏడాదిన్నర సాగితే ఆ మొదటి రెండేళ్లలో క్షేత్రానికి మిగిలేది ఆరు నెలలే. ఫెలోషిప్ ఆగితే ఏమవుతుందో మనం మరిచిపోలేం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మనం కోల్పోయిన రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి లేఖలో కూడా రాశాడు. అందుకే హాజరు, మార్కుల పత్రం, కమిటీ నివేదిక ఏదీ ఆలస్యం కానివ్వకండి. ఆలస్యమైతే ఒంటరిగా తిరగకుండా సంఘాన్ని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి.

రాతలోనూ మెలకువ కావాలి. 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సమర్పణకు ముందు జర్నల్ వ్యాసం అచ్చవ్వాలన్న జాతీయ నిబంధన 2022లో పోయింది. కాబట్టి డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నళ్లకు మీ ఫెలోషిప్ ధారపోయకండి.

కార్యకర్తలకు మా విన్నపం ఒకటే. సీటు వచ్చినరోజు సన్మానం చేసి ఊరుకోకండి. మొదటి సెమిస్టర్‌లో ఆ విద్యార్థి ఏ పేపర్లు తీసుకుంటున్నారో కూర్చుని అడగండి. చెరువు గట్టు మీద కూలికి పోయిన ఇంటి బిడ్డ ఆ చెరువు లెక్కల పుస్తకం తెరిచి చదివే రోజు రావాలంటే, దానికి సిద్ధం కావాల్సింది ఈ ఆరు నెలల్లోనే.