జీర్ణ రత్నకంబళి

కాలు మోపుటకై పుట్టిన వస్తువునకు కన్నుల కద్దుకొనదగిన గౌరవము లభించుట యొక్క రత్నకంబళికే చెల్లినది. మన తెలుగునాట సామాన్య గృహములకు చాపయు జంపఖానాయు చాలియుండెను. రత్నకంబళి జమీందారుల కచేరీలకును నవాబుల దివాణములకును పరిమితమై యుండెను. ఇప్పు డట్లు కాదు. నగరమున ఇల్లు కట్టుకొనిన గృహస్థు ముందరి గదిలో నొక తివాచీ పఱచుకొన గోరుచున్నాడు. అందును క్రొత్తదానికంటె పాతదానికిని, పాతదానికంటె పాతదానివలె కనబడుదానికిని ఆదరము హెచ్చుచున్నది. వెలసిన రంగు, అరిగిన నూగు, చిరిగిన అంచు, ఇవి యొకప్పుడు వస్తువును అటక యెక్కించు దోషములు. ఇప్పుడు వెల పెంచు గుణములు. ఈ వైపరీత్య మెట్లు కలిగినదో, ఇందు సత్య మెంతయో, వేష మెంతయో పాఠకులతో గూడి విచారింప దలచితిమి.

మా కీ విచారము కలుగుటకు కారణము మా యింటనే కలదు. మా తాతగారి నాటి ఏలూరు కంబళి యొకటి మా యింట నుండెను. పదునైదేండ్ల క్రిందట ఒక శుభకార్యము వచ్చినపుడు, దాని ముఱికి పోగొట్టవలెనని చాకలిసోడా కలిపిన వేడినీట నానవేయ బూనితిమి. మా అమ్మగారు చూచి, "ఒరే నాయనా, ఉన్నిబట్టకు వేడినీళ్లు పనికిరావురా" అని వారించిరి. చదువుకొన్నవారమను గర్వముచే మేము వినలేదు. ఎండలో ఆఱిన పిమ్మట చూతుము గదా, ఉన్ని గిడసబాఱి పీచువలె నయ్యెను. ఎఱుపు తెలుపులోనికి ప్రాకెను. సిగ్గుపడి, ఆ చోటు నింపుటకు పట్టణమునందలి యొక దుకాణమున, నూఱేండ్ల నాటి పారసీక కంబళియను మాట నమ్మి, రెండునెలల జీతము పోసి యొకటి కొంటిమి. ఒకనాడు దానిపై మంచినీళ్లు ఒలికెను. తెల్లని గుడ్డతో అద్దగా గుడ్డ గులాబివన్నె కెక్కెను. వెనుకకు త్రిప్పి చూడగా తేనీటి మరక వంటి పూత యొకటి అంతటను సమముగా పూయబడి యుండెను. నిజముగా పాతదైన దానిని పాడుచేసితిమి. పాతది కానిదానిని పాతదని కొంటిమి. రెండు తప్పులకును మూలము అజ్ఞాన మొక్కటే.

రత్నకంబళి యనగా మందమైన దుప్పటి కాదు. మగ్గముపై బిగించిన పడుగుపోగులకు ఉన్నిదారమును చేతితో ముడివేసి కోయుదురు. ఒక వరుస ముడులు నిండిన పిమ్మట పేకను త్రోసి, బరువైన దువ్వెనతో దిగగొట్టుదురు. ఈ విద్య యెంత ప్రాచీనమైనదో 1949లో లోకమునకు తెలిసినది. సైబీరియాలోని ఆల్తాయి పర్వతములయందు పజిరిక్ అనుచోట, రూడెంకో యను రష్యా పండితుడు ఒక సమాధిని త్రవ్వించి ఇంచుమించు ఆఱడుగుల చదరముగల కంబళిని వెలికి దీసెను. అది క్రీస్తునకు పూర్వము అయిదవ నాలుగవ శతాబ్దుల నాటిదని నిర్ణయించిరి. చదరపు టంగుళమునకు రెండువందలకు పైగా ముడులు కలవు. పూర్వమే దొంగలు ఆ సమాధిని దోచుకొనిరి. వారు చేసిన రంధ్రముననే నీరు చొచ్చి గడ్డకట్టి, పురుగును కుళ్లును దరిజేరనీయక, ఆ కంబళిని కాపాడెను.

పాత కంబళి కంత యందము కలుగుట కేమి కారణము? మంజిష్ఠనుండి యెఱుపును, నీలిచెట్టునుండి నీలమును, దానిమ్మతొక్కు మొదలగువానినుండి పసుపువన్నెను తీసి, పటిక ముదరగా పెట్టి ఉన్నికి పట్టించుచుండిరి. ఈ రంగులు వెలయునపుడు సాధారణముగా అన్నియు మెల్లమెల్లగా వెలసి పొంది కెడలనీయవు. 1856లో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఆంగ్లయువకుడు క్వినైను చేయబోయి ఊదారంగును కనుగొనెను. తారునుండి తీసిన రంగులు అంతట ప్రపంచమును ముంచెత్తినవి. 1868లో మంజిష్ఠలోని యెఱుపునే జర్మను రసాయనశాస్త్రజ్ఞులు కృత్రిమముగా చేసిరి. 1897లో కృత్రిమ నీలి విపణికి వచ్చెను. తొలినాటి అనిలిను రంగులలో ననేకములు ఎండకు వెలవెలబోవును, నీటికి కాఱిపోవును. పారసీక ప్రభుత్వము వాని దిగుమతిని నిషేధించియు పూర్తిగా ఆపజాలకపోయెను. అయినను రసాయనపు రంగు లన్నియు చెడ్డవని చెప్పుట న్యాయము కాదు. ఇరువదవ శతాబ్దమున వచ్చిన క్రోము రంగులు మిక్కిలి నిలుకడగలవి. రంగు పుట్టుకకంటె దాని నడవడిని చూడవలెను. మనుష్యుల విషయమునను ఇదియే గదా న్యాయము!

జీర్ణవస్తువును కొనుటలోను బాగుచేయుటలోను గల ధర్మసంకటమునకు అర్దబీల్ కంబళికంటె గొప్ప యుదాహరణము లేదు. పారసీకమున అర్దబీల్ పట్టణమునందలి షేక్ సఫీ దర్గాలో నుండిన రెండు జంట కంబళ్లు పంతొమ్మిదవ శతాబ్దాంతమున ఇంగ్లండునకు చేరెను. అందొకదానిపై హిజిరీ 946, అనగా 1539-40, అను సంవత్సరమును, మక్సూద్ కాషానీ యను పేరును నేయబడి యున్నవి. రెండును చినిగియే యుండెను. వర్తకు లేమి చేసిరి? ఒకదానిని కోసి, ఆ ముక్కలతో రెండవదానిని పూరించి, లోపములేని కంబళిగా 1892లో లండనున ప్రదర్శించిరి. దానిని విలియం మారిస్ పరీక్షించి కొనదగినదని ప్రబలముగా చెప్పగా, 1893లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు రెండువేల పౌనులకు కొనిరి. ఆ సంస్థయే నేటి విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియము. అంచులు గోల్పోయిన రెండవ కంబళిని ఉన్నదని చెప్పకయే దాచిరి. అదియు పలువురు ధనికుల చేతులు మాఱి, తుదకు 1953లో లాస్ ఏంజెలీస్ మ్యూజియమునకు దానముగా చేరెను. ఒక అన్న అందముగా నుండుటకై తమ్ముని అవయవములు కోసినట్లయినది! ఇది రక్షణమా, హింసయా? సత్యమును దాచిపెట్టిన రక్షణము రక్షణము కాదని మా యభిప్రాయము. లండనునందలి యా కంబళిని ఇప్పు డద్దాలమందిరమున నుంచి, వెలుతురు సోకి రంగు చెడకుండ గంటకు రెండుమారులు మాత్రమే కొద్దినిమిషములు దీపము వేయుదురు.

పాతదనమునకు వెల యేర్పడగానే పాతవేషము పుట్టెను. రెండు మహాయుద్ధముల నడుమ రుమేనియాలోని బ్రాషోవ్ నగరమున టుడుక్ అను నతడు ప్రాచీన తురుష్క కంబళ్లకు నకళ్లు నేయించి, అరగదీసి, మాసికలు వేయించి, యూరోపునందలి గొప్ప మ్యూజియములనే మోసపుచ్చెను. ఆ కాలముననే పారసీకపు సారూక్ కంబళ్లను అమెరికాలో మొదట వెలయునట్లు కడిగి, పిమ్మట అచ్చటివారి యభిరుచికి తగునట్లు కుంచెతో రంగు పూసి యమ్ముచుండిరి. మన కాలమున తురుష్కదేశపు పాత కంబళ్ల నూగు గొఱిగి, రంగు తీసి, ఒకే క్రొత్తరంగులో ముంచి అమ్ముట వాడుక యైనది. ఇట్లు చేసితిమని చెప్పి యమ్మినచో తప్పు లేదు. ఆ మాట దాచుటయే తప్పు.

ఈ కథలో మన దేశమునకును పాలు కలదు. జపానులో క్యోటో నగరమున గియాన్ ఉత్సవపు రథములకు అలంకరించు పాత కంబళ్లలో కొన్ని దక్కనున నేయబడినవని పండితులు గుర్తించిరి. డచ్చివారి యోడలలో చేరిన యా కంబళ్లను ఆ నగరపు వీథివారు తరతరములుగా భద్రపఱచి, ఉత్సవమునకు వెలికి దీసి, మరల దాచుచుందురు. ఏలూరున ఈ విద్యను పారసీకమునుండి వచ్చి నిలిచిన నేతగాండ్రు నెలకొల్పిరని పరంపరగా చెప్పుదురు. ఓరుగల్లు కంబళ్లు 1851 నాటి లండను మహాప్రదర్శనమునకు పోయి ప్రశంస లందెను. కాని 1880లో ప్రకటించిన భారతీయ శిల్పముల గ్రంథమున జార్జి బర్డ్‌వుడ్ దొర మచిలీబందరు కంబళ్లను తలచి విచారించెను. ఒకప్పు డత్యుత్తమములైన వానిని ఆంగ్ల వర్తకులే చౌక సరకు లిచ్చి చెఱచిరని యాతడు వ్రాసెను. చెఱసాలలలో ఖైదీలచే నేయించిన చౌక కంబళ్ల పోటీ స్వతంత్రులైన నేతగాండ్రను కూల్చెనని కూడ దూషించెను. కొనువాడు చౌక నడిగినచో నేయువాడు ముడులు తగ్గించును. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక గుర్తింపు దొరకుట సంతోషకరమే గాని, గుర్తింపుతో గంజి కాగదు, కొనువారు కావలెను.

చౌకకు మఱియొక మూల్యము కలదు. దానిని చెప్పక విడువజాలము. మీర్జాపురము, భదోహి ప్రాంతముల మగ్గములయెదుట ఏండ్లతరబడి పసిపిల్లలు కూర్చుండిరి. సన్నని వ్రేళ్లు సన్నని ముడులు వేయునను మాట దానికి సాకు. నిజమునకు పిల్లలు కూలి యడుగజాలరు, అదియే కారణము. 1986 నాటి చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలచే కంబళ్లు నేయించుటను నిషేధించిన పనులలో చేర్చినది. 1994 మొదలు, బాలశ్రమ లేదని పరీక్షించిన కంబళ్లకు రగ్‌మార్క్ ముద్ర వేయుట కైలాస్ సత్యార్థి ప్రభృతుల కృషిచే ఆరంభమైనది. ఆ ముద్రయే తరువాత గుడ్‌వీవ్ అను పేరు దాల్చెను. ప్రతిదినము ఆ యీడు పిల్లల చేతికి పలకయు పుస్తకము నిచ్చు వృత్తిలో నున్న మేము, ముందరి గదిలో కూర్చుండి ఆ ముడులపై కాలు చాచుటెట్లు? క్రొత్తది కొనునపుడు ఎవరు నేసిరని యడుగుట ఇంటి యజమాని విధి.

పాతది కొనునపు డేమి చూడవలెను? మొదట తిరుగవేసి వెనుకవైపు చూడుడు. ముఖముకంటె వీపే నిజము చెప్పును. చేతి ముడులు ఒక్కొక్కటిగా కనబడును. నూగును విడదీసి కుదురు చూడుడు. మొదట మిక్కిలి చుఱుకైన రంగును కొనను పాలిపోయిన రంగును ఉన్నచో అనుమానింపదగును. తడిపిన తెల్లగుడ్డతో అద్ది చూడుడు. నిజమైన అరుగుదల కాలు పడిన చోట ఎక్కువగను, లేనిచోట తక్కువగను ఉండును. అంతటను ఒకే తీరున అరిగినది కత్తెర పనియే. ఇనుము చేర్చి వేసిన నలుపు గోధుమవన్నెలు తక్కినవానికంటె ముందు తినివేయబడి పల్లముగా నుండుట ప్రాచీనతకు మంచి గుఱుతు. కంబళిని మెల్లగా మడచినపుడు పటపటమని విఱిగిన చప్పుడైనచో పడుగు కుళ్లినదని తెలిసికొనుడు. ఆ పిమ్మటనే వెల యడుగుడు.

ఇంటికి తెచ్చినపిమ్మట దాని శత్రువులు నలుగురు: దుమ్ము, ఎండ, తేమ, చిమ్మట. దుమ్ములోని యిసుక కుదుళ్లను కోయును గనుక, వారమున కొకమారు నూగు వాలు దిక్కుగా మెల్లగా తీయవలెను. ఎండ ఒకేవైపు పడకుండ ఆఱునెలల కొకమారు తల మార్చి పఱచవలెను. నీరో కాఫీయో ఒలికినపుడు రుద్దరాదు, అద్దవలెను. సోడాయు వేడినీరును తగవు. క్షారము ఉన్నిని చెఱచును. చిమ్మట పురుగులు చీకటిలో, కదలని బీరువాల క్రింద ఉన్నిని తినును గనుక, ఆ మూలలను తఱచుగా కదల్చి చూడవలెను. వేపాకులు వేసి మఱచిపోరాదు. మ్యూజియములలో పురుగుపట్టిన బట్టలను గడ్డకట్టు చలిలో నుంచి పురుగును చంపుదురు. పజిరిక్ మంచు నేర్పిన పాఠ మదియే గదా! దాచునపుడు మడవక, కఱ్ఱకు చుట్టి, నేలకు తగులకుండ పొడిచోట నుంచవలెను. చినిగినచో సాటిరంగు ఉన్నితో మాసిక వేయింపుడు. మాసిక కనబడినను సిగ్గుపడ నక్కఱలేదు.

మా తాతగారి కంబళిని మేము పాఱవేయలేదు. గిడసబాఱిన భాగమును విడిచి, మిగిలిన మూరెడు ముక్కకు అంచు కుట్టించి, మా అమ్మగారు భాగవతము చదువుకొను చోట పఱచితిమి. తేనీరు పూసిన కంబళియు ఇంటనే యున్నది. ఎవరైన అడిగినచో అది పాతది కాదని చెప్పుచున్నాము. పాతదగుట గుణమును కాదు, దోషమును కాదు. ఏ చేతులు నేసినవో, ఏ చేతులు కాపాడినవో యెఱిగి యుంచుకొనిన వస్తువు గృహమున కలంకారము. తక్కినదంతయు నేలపై పఱచిన అబద్ధము.