ఇనుప ఖనిజమునకు సుంకపు పద్దు

విశాఖపట్టణపు రేవున ఓడకెక్కు బైలదిల్ల ఖనిజమునకు సుంకపత్రములలో 2601 అను సంఖ్య వ్రాయుదురు. గనినుండి వచ్చిన గడ్డయైనను, మరలో నలిగిన పొడియైనను, ఆ పొడిని శుద్ధిచేసి, బంకమన్నుతో ఉండలు కట్టి, బట్టీలో కాల్చి గట్టిపఱచిన పెల్లెట్టైనను, అన్నిటికిని అదియే పద్దు. ఇంత సంస్కారము పొందిన వస్తువును లోకము ఇంకను ఖనిజముగానే యేల లెక్కించుచున్నదో తెలియవలెనన్న, ఆ పద్దు పుట్టిన క్రమమును కొంత విచారింపవలెను.

పూర్వము ప్రతి రాజ్యమును తన సుంకపట్టికను తన యవసరము కొలది కూర్చుకొనుచుండుటచే ఒక దేశపు లెక్క మఱియొక దేశమునకు బోధపడకుండెను. 1913లో బ్రస్సెల్సున కూడిన రాజ్యములు 186 పద్దుల గణాంకపట్టిక నొకదానిని అంగీకరించిరి. ముడిపదార్థములను, స్వల్పసంస్కారము మాత్రమే పొందినవానిని అందొక్క వర్గముగ చేర్చిరి. పిమ్మట నానాజాతిసమితి జెనీవాలో ఒక పట్టికను సిద్ధపఱచెను. 1950 నాటి బ్రస్సెల్సు ఒడంబడిక 1959లో అమలుకు వచ్చెను. 1983లో కుదిరిన హార్మొనైజ్డ్ సిస్టమ్ అను పట్టిక యొడంబడిక 1988 జనవరి 1 నుండి నడచుచున్నది. ఆ యొడంబడిక అమలుకు రాకమునుపే, 1986లోనే, మనదేశము తన పట్టికను దాని ననుసరించి మార్చుకొన్నది. సుంకముల విషయమున మనవారు ఇంత తొందరపడుట అరుదు.

ఆ పట్టికలో 2601 చేరిన ఇరువదియాఱవ అధ్యాయపు వ్యాఖ్యలో చమత్కారమైన నియమ మొకటి కలదు. ఖనిజమును ఎందులకు వాడుదురన్నది ప్రశ్న కాదు: బొగ్గు కడుగుటకు కొనిపోవు మాగ్నటైటు కూడ ఖనిజమే. దానిపై జరిగిన పని లోహపరిశ్రమకు సహజమైనదా, కాదా యన్నదే ప్రశ్న. నూఱుట, జల్లించుట, అయస్కాంతముతో వేఱుచేయుట, నురుగుపై తేల్చుట, కాల్చుట, ఉండకట్టుట యివన్నియు కొలిమికి ముందు జరుగు సన్నాహములే కావున ఖనిజత్వమునకు భంగము లేదు. గంధకమును తీసికొనుటకై పైరైటును కాల్చగా మిగిలిన బూడిద వంటి పదార్థమునకును ఈ పద్దులోనే 2601.20 అను ఉపపద్దు దొరకినది. కాని ఖనిజమును కరగింపకయే అందలి ప్రాణవాయువును తొలగించి స్పాంజి ఇనుమును చేసిన తత్‌క్షణమే అది యధ్యాయము దాటి 7203కు, అనగా లోహముల పంక్తికి చేరును. పాల్వంచలో 1980లో ఆరంభమైన కర్మాగారము చేసిన పని యిదియే.

ఉండకట్టని ఖనిజము 2601.11, ఉండకట్టినది 2601.12. ఈ విభాగమునకు వెనుక యంత్రశాస్త్ర చరిత్ర యున్నది. పెల్లెట్టు చేయు విధానమునకు స్వీడనులో 1912లోనే పేటెంటు లభించినను, అమెరికాలోని మిన్నెసోటాలో ఇ. డబ్ల్యు. డేవిస్ అను నాచార్యుడు టాకొనైటు అను నాసిరకపు శిలతో దశాబ్దముల తరబడి పెనగులాడిన పిదపనే, 1950ల నడుమ, అది పెద్దయెత్తున పరిశ్రమ యయ్యెను.

ఆఱంకెల వఱకు పట్టిక లోకమంతటికిని సమానము; ఆపైని అంకెలు ఆయా ప్రభుత్వముల యిచ్ఛ. మనవారు అచ్చట గడ్డను, పొడిని, అందలి యినుపశాతమును బట్టి భేదములు కల్పించిరి. సుంకమంతయు ఆ భేదములపై నాడినది. 2011 డిసెంబరులో 30 శాతమైన ఎగుమతి సుంకము, 2016లో 58 శాతముకన్న తక్కువ ఇనుమున్న ఖనిజమునకు తొలగెను. 2022 మే నెలలో గడ్డకును పొడికిని 50 శాతము, అప్పటికి సుంకము లేని పెల్లెట్టుకు 45 శాతము విధించి, నవంబరులో వెనుకకు తీసికొనిరి.

శాతమన్నంతనే, దేనిలో శాతమన్న వివాదము తప్పదు. ఆఱబెట్టి పరీక్షించినపుడు 59 శాతము ఇనుము గల పొడిలో, ఓడకెక్కునాటికి 8 శాతము తేమ యున్నదనుకొందము. ఆ తేమతో కూడ లెక్కించిన ఇనుము 54.28 శాతమే. 58 శాతపు హద్దును బట్టి ఒక లెక్కలో సుంకము పడును, ఒక లెక్కలో పడదు. ఒక ఎగుమతిదారుని వ్యాజ్యములో సుప్రీంకోర్టు తేమతో కూడిన బరువునే ప్రమాణముగ గ్రహించెను. 2012లో కేంద్ర సుంకముల బోర్డు తన యధికారులకు అదే పద్ధతిని ఆదేశించినది. సముద్రమార్గపు విపణిలో మాత్రము కొనువారు తేమను తీసివేసి, తేమలేని టన్నుకే వెల కట్టుదురు. ఇట్లు ఆ కాలమున ఒకే యోడలోని సరకునకు బేరమునకొక బరువును, సుంకమునకొక బరువును నిలిచినవి.